ఓడిపోయే రాజు కత్తిని

నేను అట్టకత్తిని కాను. అయినా ఒక్క ప్రాణం తీసిన పాపాన పోలేదు. నా కొలువు మూడో రిచర్డు దగ్గర. షేక్‌స్పియర్ రాసిన ఆ గూని రాజు చివరి అంకంలో బాస్వర్త్ పోరులో చావాల్సిందే. అంటే ఆట ఆడిన ప్రతి రాత్రీ నాది ఓడిపోయే పక్షమే.

1814లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో రిచర్డుగా ఊపేసిన ఎడ్మండ్ కీన్ చేతి కత్తిని నేను. 1877లో హెన్రీ ఇర్వింగ్ అదే వేషం కట్టినప్పుడు చిప్పెండేల్ అనే పెద్దాయన నన్ను ఆయనకు కానుకిచ్చాడు. తర్వాత నటుల కుటుంబమైన టెర్రీల ఇంటికి చేరాను. ఆ ఇంటి ఆడపడుచు కేట్, 1938లో నన్ను తన కొడుకు, నటుడు జాన్ గీల్‌గుడ్ చేతిలో పెట్టింది. ఈ వంశావళి మీరు మర్చిపోయినా నాకు కోపం లేదు. నేను చెప్పాలనుకున్నది నటుడు లారెన్స్ ఒలివియర్ సంగతి.

గీల్‌గుడ్‌కూ ఆయనకూ పాత లెక్క ఒకటుంది. 1935లో న్యూ థియేటర్లో ఇద్దరూ రోమియో, మెర్కూషియో వేషాలు మార్చుకుంటూ ఆడారు. పద్యం పలకాలంటే గీల్‌గుడ్డే, ఒలివియర్‌కు ఆ నోరు లేదని విమర్శకులు తేల్చేశారు. ఆ మాట ఆయనకు చాలాకాలం గుచ్చుకుంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. బాంబులకు ఓల్డ్ విక్ నాటకశాల దెబ్బతింటే ఆ నాటక బృందం న్యూ థియేటర్‌కే వచ్చింది. 1944 సెప్టెంబరు. ఊరి మీద జర్మన్ రాకెట్లు పడుతున్నాయి. లోపల పొడుగాటి అంటింపు ముక్కుతో, కుంటుతూ రిచర్డు వచ్చాడు. ఒలివియర్. అది చూసి గీల్‌గుడ్ ఏం చేశాడో తెలుసా? తల్లి ఇచ్చిన నన్నే తీసి ఆయనకిచ్చేశాడు. ఉత్తినే ఇవ్వలేదు, నా అలుగు మీద చెక్కించి మరీ ఇచ్చాడు: తల్లి పేరు, 1938, తన పేరు, ఒలివియర్ పేరు, 1944. ఒంటి మీద రాత పడ్డాక కత్తికి అబద్ధమాడే వీలుండదు. పోటీదారుణ్ణి ఇలా మెచ్చుకున్న నటుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

చేతులు మారడమే నా బతుకు కదా, ఇక్కడా నాలుగేళ్లుంటాననుకున్నా. ఒలివియర్ నన్ను 45 ఏళ్లు వదల్లేదు. ఈలోగా 'హామ్లెట్' సినిమాకు ఆస్కార్ వచ్చింది. రిచర్డు కథను సినిమా తీస్తుంటే నిజం బాణమే కాల్లో దిగింది. కుంటి వేషానికి అంత న్యాయం చెయ్యాలా! 1963లో నేషనల్ థియేటర్ తొలి డైరెక్టరయ్యాడు, 1970లో లార్డ్ అయ్యాడు.

అంతటివాడికీ 1960ల్లో స్టేజి భయం పట్టుకుంది. ఒథెల్లోగా ఒంటరిగా మాట్లాడాల్సిన చోట్ల కాళ్లు వణికేవి. ఇయాగో వేసే నటుణ్ణి బతిమాలుకున్నాడు: లోపలికి వెళ్లిపోవద్దు, పక్క తెర చాటున నాకు కనబడేలా నిలబడు, అని. నాటకంలో ఆయన కొంప ముంచేవాడే, తెర చాటున ఆయనకు ఆసరా.

1989 జులైలో ఒలివియర్ కన్నుమూశాడు. అక్టోబరులో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సంస్మరణ సభ. ఆయన వస్తువులను ఊరేగింపుగా తెచ్చారు. ఒక ఆస్కార్ మైకేల్ కేన్ చేతిలో, రిచర్డు కిరీటం డెరెక్ జాకోబీ చేతిలో.

నన్ను పట్టుకు నడిచింది ఫ్రాంక్ ఫిన్లే. తెర చాటున నిలబడ్డ ఆ ఇయాగో.