కోలా కేకు పెద్దావిడ

అట్లాంటా చుట్టుపక్కల ఏ చర్చి విందుకు వెళ్లినా బల్ల చివర ఈవిడ ఉంటుంది. చేతిలో 9×13 అంగుళాల అల్యూమినియం ట్రే, దాని అడుగున మాస్కింగ్ టేపు మీద ఇంటిపేరు. ఏనుగు తప్పిపోయినా ఫరవాలేదు, ఆ ట్రే తప్పిపోకూడదు. అందులో ఉన్నది కోకా-కోలా కేకు.

కేకులో కూల్‌డ్రింకేమిటండీ అని అడిగారో, దొరికిపోయారే! 1886లో ఈ ఊళ్లోనే జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు ఆ పానీయం కనిపెట్టాడనీ, మందుల షాపులో గ్లాసు 5 సెంట్లకు అమ్మారనీ, ఆయన తన మేనమామ అయినంత ధీమాగా చెబుతుంది. ఆ వైపు చాలామందికి కూల్‌డ్రింకు ఏదైనా 'కోక్' అనడమే అలవాటు. ఈవిడ కేకు దగ్గర మాత్రం ఆ ఉదారత చెల్లదు.

తయారీలో దాపరికం లేదు. వేళ్లు మడిచి మరీ చెబుతుంది. రెండు కప్పుల మైదా, రెండు కప్పుల చక్కెర. వెన్న, కోకో పొడి, కప్పు కోలా కలిపి మరిగించి అందులో పోయాలి. అరకప్పు చిక్కటి పుల్లమజ్జిగ, రెండు గుడ్లు, చెంచాడు వంటసోడా, కొన్ని మార్ష్‌మెల్లోలు. కోలా నురగ మరిగేటప్పుడే చాలావరకు పోతుంది, కేకును పొంగించేది కోలా, మజ్జిగల పులుపుతో కలిసిన సోడాయే. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో అరగంట పైచిలుకు. అచ్చం మన ఆవకాయ పిన్నిలాగే. పాళ్లన్నీ ఒప్పజెబుతుంది, బూజు మాత్రం మన జాడీకే పడుతుంది.

మొదటిసారి నేను తెలివి ఉపయోగించి డయెట్ కోలా పోశాను. అందులో తీపినిచ్చేది వేడికి నిలవదట. ఆవిడ ఓ ముక్క నోట్లో వేసుకుని, నా భుజం తట్టి, "బ్లెస్ యువర్ హార్ట్" అంది. పెద్దముత్తయిదువ దీవించిందని మురిసిపోయాను. ఆ దీవెనకు ఆ ప్రాంతంలో 'పాపం, ఒట్టి మాలోకం' అనే అర్థం కూడా ఉందని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది.

రెండోసారి అసలు కోలాయే పోశాను. కేకు చక్కగా చల్లారాక ఐసింగ్ వేశాను. పైన పెచ్చులా కూర్చుంది. ఆవిడ చేస్తే అదే ఐసింగ్ లోపలికి ఇంకి, ముక్క కోస్తే చాకుకి అంటుకుంటుంది. ఇక లాభం లేదని ఓ శనివారం ఆవిడ వంటింట్లోనే తిష్ఠ వేశాను. ఓవెన్‌లోంచి ట్రే తీసీ తీయగానే, ఇంకా పొగలు కక్కుతుండగానే, వేడివేడి ఐసింగ్ గుమ్మరించి పీకాన్ పలుకులు చల్లేసింది.

"వేడి మీదే పోయాలా? చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా, హనీ!"

మిగిలిన కేకుతో ట్రే నా చేతిలో పెట్టింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మనకీ ఉంది, వాళ్లకీ ఉంది. నిండా పులిహోర పెట్టి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోను, ఎలా చేశావని. చింతపండు, పసుపు, పచ్చిమిర్చి, ఆవాలు, శనగపప్పు, వేరుశనగ గుళ్లు, అన్నీ చెప్పాను, కొలతలతో సహా.

ఇంగువ సంగతి చెప్పలేదు. ఆవిడ అడగలేదుగా!