సారు లోన్ మీద వెళ్లారు

ఫుట్‌బాల్లో ఒక మంచి అలవాటుంది. పెద్ద క్లబ్బులో ఛాన్సు రాక బెంచీ మీద గోళ్లు గిల్లుకుంటున్న పందొమ్మిదేళ్ల ఫార్వర్డ్‌ని, గోల్ కొట్టేవాడు లేక అల్లాడుతున్న చిన్న క్లబ్బుకి ఒక సీజన్ పాటు అప్పిస్తారు. దీన్ని లోన్ అంటారు. కుర్రాడికి ఆట దొరుకుతుంది, చిన్న క్లబ్బు గట్టెక్కుతుంది, ఏడాది తిరిగేసరికి పెద్ద క్లబ్బుకి రాటుదేలిన ఆటగాడు తిరిగొస్తాడు. అతని జీతంలో ఎంతో కొంత, ఒక్కోసారి మొత్తం, వాడుకున్న క్లబ్బే భరిస్తుంది.

మన్యంలోనూ ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. పేరు డెప్యుటేషన్. కాస్త మర్యాదగా చెప్పాలంటే వర్క్ అడ్జస్ట్‌మెంట్. ఫుట్‌బాల్ నుంచి మనం నేర్చుకున్నదల్లా ఇదే, కాకపోతే దిశ ఒక్కటి మార్చుకున్నాం. అక్కడ మనుషులు కిక్కిరిసిన చోటు నుంచి మనిషి లేని చోటికి పంపుతారు. ఇక్కడ కొండ మీది ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్న ఆ ఒక్క సారూ లోన్ మీద దిగువకి దిగిపోతారు. దిగువన అప్పటికే అయిదుగురు సార్లు నాలుగు కుర్చీలతో సర్దుకుంటూ ఉంటారు. జీతం మాత్రం కొండ మీది పోస్టులోనే పడుతుంది. పిల్లలకి సారు పేరు తెలుసు, సారుకి ఊరి పేరు తెలుసు. ఇంతకన్నా ఏం కావాలి?

ఫిఫా వాళ్లకి ఈ సౌకర్యం నచ్చదు. క్లబ్బులు కుర్రాళ్లని డజన్లకొద్దీ పోగేసి అద్దెకి తిప్పుతున్నాయని 2022 జులైలో అంతర్జాతీయ లోన్‌ల మీద పగ్గం వేశారు. ఒక క్లబ్బు ఏకకాలంలో బయటికి పంపగలిగేది 8 మందిని, తెచ్చుకోగలిగేదీ 8 మందినే అన్నారు. మరుసటేడు దాన్ని 7 చేశారు, 2024 జులై నుంచి 6. సొంతంగా పెంచిన, ఇరవై ఒక్కేళ్లు దాటని కుర్రాళ్లకి మినహాయింపు. లోన్ ఏడాదికి మించకూడదు. పొడిగించాలంటే ఆటగాడు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అన్నిటికన్నా కఠినమైనది ఇంకోటుంది: లోన్ మీద తెచ్చుకున్నవాణ్ణి మళ్లీ మరొకరికి లోన్ ఇవ్వకూడదు. ఈ చివరి నిబంధన గురించి మన ఆఫీసుల్లో ఎవరికీ చెప్పకండి. పోస్టు కురుపాం మండలంలో, డెప్యుటేషన్ పార్వతీపురంలో, అక్కణ్నుంచి ఆన్ డ్యూటీ విజయనగరంలో, కాపురం విశాఖపట్నంలో పెట్టిన మహానుభావుల గుండె ఆగిపోగలదు.

లోన్ సంగతి ఇలా ఉంటే, కేటాయింపుల కళలో అమెరికా వాళ్లు మనకి దగ్గరి చుట్టాలు. మార్కెట్టే దేవుడని లోకమంతా ప్రవచనం చెప్పే ఆ దేశంలో మేజర్ లీగ్ సాకర్ అని ఒక లీగ్ ఉంది. 1996లో ఆట మొదలుపెట్టింది. అందులో ఆటగాడు క్లబ్బు ఉద్యోగి కాడు, లీగ్ ఉద్యోగి. కాంట్రాక్టు లీగ్ దగ్గరే ఉంటుంది, ఏ క్లబ్బుకి పోస్టింగో లీగ్ నిబంధనలు చెబుతాయి. కాలేజీ కుర్రాళ్లకి డ్రాఫ్టు. క్లబ్బులు మార్చుకోవడానికి అలొకేషన్ మనీ అని ఒక సొమ్ము. అది బజార్లో చెల్లదు, లీగ్ లోపలి లెక్కల్లోనే చెల్లుతుంది. డిస్కవరీ జాబితా అని మరొకటి. ఎక్కడో ఆడుకుంటున్న కుర్రాడి పేరు ఒక క్లబ్బు ఆ జాబితాలో రాసుకుంటే చాలు, వాణ్ణి 'కనిపెట్టిన' హక్కు ఆ క్లబ్బుది. ఇంకో క్లబ్బుకి వాడు కావాలంటే ముందు ఈ కొలంబస్‌తో బేరం కుదుర్చుకోవాలి. తనని కనిపెట్టారన్న ముచ్చట ఆ కుర్రాడికి చేరి ఉండొచ్చు, చేరకపోనూవచ్చు.

ఈ వైభవమంతా ఒక పెద్దాయనకి వివరించి చెబితే చుట్ట నుసి దులుపుకుని ఒకటే అడిగాడు: "అంతా బాగుంది గానీ బావూ, ఆ కుర్రోడ్ని ఎవులైనా అడిగినారేటి?"

అడగరు తాతా. అంతకన్నా ముచ్చటైనది చెబుతాను విను. ఇన్ని నిబంధనలూ మామూలు ఆటగాడికే. 2007 సీజన్‌కి బెక్‌హామ్‌ని రప్పించాలనుకున్నారు. జీతాల పరిమితి అడ్డొచ్చింది. పరిమితికి బయట జీతమిచ్చేలా కొత్త నిబంధన రాసుకున్నారు. దాన్ని లోకమంతా బెక్‌హామ్ రూలనే పిలిచింది. 2013లో డెంప్సీ వచ్చాడు. పేరున్న అమెరికన్ ఆటగాడు తిరిగొస్తే క్లబ్బులు వరుస ప్రకారం తీసుకోవాల్సి ఉండేది, ఆ వరుసని పక్కకి నెట్టి సియాటిల్‌కి ఇచ్చారు. 2014లో జర్మేన్ జోన్స్ కోసం షికాగో, న్యూ ఇంగ్లండ్ రెండూ పట్టుబట్టాయి. లీగ్ పెద్దలు గంభీరంగా ఆలోచించి చీటీ తీశారు. ప్రపంచ కప్పులో ఆడొచ్చిన ఆటగాడు చీటీలో న్యూ ఇంగ్లండ్‌కి పడ్డాడు. మన బదిలీల కౌన్సెలింగ్‌లో పాయింట్లూ, వెబ్ ఆప్షన్లూ, ఖాళీల జాబితా అన్నీ ఉండి, చివర్లో ఒక సిఫారసు లేఖ గెలుస్తుంది. నా ఓటు చీటీకే. చీటీకి కనీసం పార్టీ లేదు.

తెలుగువాళ్లం కేటాయింపులో మరో మెట్టు ఎక్కాం. ఆటగాణ్ణి అప్పివ్వడం చిన్న విషయం, మనకి క్లబ్బునే అప్పిచ్చారు. 2019లో పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కొట్టింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుని రాజధాని చేరింది. కోచ్ రహీం సాబ్ శిష్యులతో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశానికి నాలుగో స్థానం తెచ్చిన ఊరు హైదరాబాదు. ఆరేళ్ల లోన్ గడువు తీరింది, అంతే.

మళ్లీ మన్యానికి వస్తే, కురుపాం ఫార్వర్డ్‌ల లోటు ఉన్న ఊరేమీ కాదు. ఇక్కడి కోట నుంచి కిశోర్ చంద్రదేవ్ ఢిల్లీ వెళ్లి 2011లో కేంద్ర గిరిజన శాఖ మంత్రి అయ్యారు. ఇక్కడి అప్పటి ఎమ్మెల్యే పుష్పశ్రీవాణి 2019లో ఉప ముఖ్యమంత్రి, గిరిజన సంక్షేమ శాఖ మంత్రి. పైకి వెళ్లినవాళ్లు గట్టిగానే ఆడారు. కింద గోల్‌పోస్టు మాత్రం ఉన్నచోటే ఉంది.

సొంత గడ్డ ఆటగాడి నిబంధన కూడా మనకుండేది. అమెరికాలో క్లబ్బు తన అకాడమీలో పెంచిన కుర్రాణ్ణి డ్రాఫ్టుతో పనిలేకుండా నేరుగా తీసుకోవచ్చు. మనకి 2000 జనవరి 10 నాటి జీవో 3 ఉండేది: షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. సవర పిల్లాడికి సవర మాట తెలిసిన సారు ఉంటాడని, ఆ సారుకి దిగువన ఇల్లుండదు గనక డెప్యుటేషన్ అడగడని ఆశ. నూటికి నూరు శాతం కుదరదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. అప్పటినుంచి ప్రతి ఎన్నికలకీ దాని స్థానంలో కొత్తది తెస్తామన్న హామీ ఒకటి కొండెక్కుతుంది. హామీలకి డెప్యుటేషన్ ఉండదు, పాపం అవి కొండ మీదే ఉండిపోతాయి.

ఒకే ఆటగాడు ఒకే సమయంలో రెండు క్లబ్బుల్లో రిజిస్టర్ కాకూడదని ఫుట్‌బాల్లో గట్టి నిబంధన. సాలూరు పైన కొటియా పల్లెలకి ఇది చెబితే నవ్వుతారు. 21 గ్రామాలు, రెండు రాష్ట్రాలు, ఇటు ఓటూ అటు ఓటూ. ఆ పల్లెలు ఎవరివన్న కేసు 1968 నుంచి సుప్రీంకోర్టు చుట్టూ తిరుగుతోంది. రెండు రాష్ట్రాలూ 'మా ఆటగాళ్లే' అంటాయి, ఎన్నికల రోజున మరీ గట్టిగా.

ఇక ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు. కొన్నేళ్ల కిందట కొండ దాటి వచ్చి కురుపాం, కొమరాడ, గరుగుబిల్లి పొలాల్లో స్థిరపడ్డాయి. మన్యానికి ఇంతవరకూ వచ్చిన లోన్‌లలో గడువు తీరినా తిరిగి వెళ్లనివి ఇవే. వరి తొక్కుతాయి, అరటి నమిలేస్తాయి, అయితే హాజరు మాత్రం నూటికి నూరు. ముఖ హాజరు యాప్ అక్కర్లేదు.

కాబట్టి అధికారులకి ఒక విన్నపం. ఫిఫా నిబంధనలన్నీ అమలు చేయమని అడగను, అంత క్రమశిక్షణ మనకి పడదు. ఫుట్‌బాల్లో ప్రతి లోన్ ఒప్పందంలోనూ తిరిగొచ్చే తేదీ ఉంటుంది. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి, సారు లేని ప్రతి కొండ బడి గోడ మీదా మూడు ముక్కలు రాయించండి: సారు పేరు, ఏ ఊళ్లో ఆడుతున్నారో ఆ ఊరు, తిరిగొచ్చే తేదీ. తేదీ రాయలేకపోతే ఆ పోస్టు ఖాళీ అని ప్రకటించి ఆడేవాణ్ణి వేయండి.