వాట్లు అడిగేవాడు బాగుపడడు

ధర డెబ్భై వేలు దాటకూడదు. బ్యాగులో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లేలా ఉండాలి. ఆటలు ఎక్కడా ఆగకూడదు. ఈ మూడు కోరికలతో లాప్‌టాప్ కొనడానికి బయల్దేరితే చాలు, ఊళ్లో తెలివైనవాళ్లంతా ఎదురు ప్రశ్నలేస్తారు. ఏ ఆటలు ఆడతావ్? రోజూ మోస్తావా, సెలవులకి ఇంటికి తెచ్చుకోవడమేనా? ప్లగ్గు దగ్గర ఆడతావా, ప్లగ్గు లేకుండానా? డబ్బులిచ్చి కొనేవాణ్ణి కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చెయ్యడమేంటండీ? ఈ కింది పద్ధతి పాటించండి, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పనుండదు.

ఆటల సంగతి ముందే తేల్చేద్దాం, అది చిన్నదే. మీరు ఆడేది వాలరెంట్ ఒక్కటే అయితే, అది మామూలు మెషీన్ల మీద కూడా నడవాలని తయారుచేసిన ఆట. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఈ కాలపు లాప్‌టాప్‌లో సెట్టింగులు తగ్గించుకుని ఆడేసుకోవచ్చు. ఈ విషయం నాన్నగారి చెవిన పడనివ్వకండి. మీది బీజీఎంఐ అయితే ఇంకా గుట్టుగా ఉండాలి. అది ఫోను ఆట.

ఇక షాపు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మన సీటీసీకి, శనివారం సాయంత్రం వెళ్లండి. జనం కిటకిటలాడుతుంటారు కాబట్టి కౌంటర్లో కుర్రాడికి తీరిక ఉండదు, మీకు ఆలోచన రాదు. "ఏం చూపియ్యాలన్నా?" అంటాడు. గేమింగ్‌ది అనండి. బడ్జెట్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి. డెబ్భై అన్నారంటే డెబ్భై నాలుగుది తీస్తాడు. "నాలుగు వేలకి చూస్కోకన్నా, ఇండ్ల ఐ-సెవెన్ వస్తది." ఈ వాక్యం వినబడగానే కార్డు తియ్యాలి.

ఐ-ఫైవ్ కన్నా ఐ-సెవెన్ రెండు ఎక్కువ, ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. నంబరు చివర ఒక అక్షరం వేలాడుతుంటుంది, దాని జోలికి పోకండి. ఐ7-1255యూ అని ఉందనుకోండి, ఆ 'యూ' పల్చటి ఆఫీసు లాప్‌టాప్‌ల కోసం చేసిన 15 వాట్ల రకం. ఐ5-12450హెచ్‌లో 'హెచ్' 45 వాట్ల రకం. రెండూ ఒకే తరానివి. పెద్ద కోర్లు ఆ ఐ-సెవెన్‌లో రెండు, ఈ ఐ-ఫైవ్‌లో నాలుగు. ఆటల్లో ఎవరు గెలుస్తారో మీరే ఊహించుకోండి. అయితే మాత్రం? పెళ్లిలో పెద్దమ్మ అడిగితే "ఐ-సెవెన్" అని చెప్పుకోవచ్చు, చివరి అక్షరం ఆవిడ అడగదు.

ఏఎండీ వాళ్లు అంకెల్లోనే పంచాంగం పెట్టారు. 2022లో తెచ్చిన పద్ధతిలో మొదటి అంకె సంవత్సరానిది, మూడో అంకె లోపలి డిజైను ఏ కాలానిదో చెబుతుంది. 7520యూలో ఏడు చూసి సరికొత్తదని మురిసిపోవాలి. మూడో చోట ఉన్న రెండు, అంటే 2019 నాటి జెన్ 2 డిజైను, మన కంట పడకూడదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర మరింత నిగ్రహం కావాలి. కీబోర్డు పక్కన ఆర్‌టీఎక్స్ 4050 అని స్టిక్కరు మెరుస్తుంటుంది. పేరు ఒకటే, దానికి అందే కరెంటు మాత్రం 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఎంత ఇవ్వాలన్నది లాప్‌టాప్ చేసేవాళ్ల ఇష్టం. కరెంటు ఎంత తింటే అంత వేడి పుడుతుంది, ఆ వేడిని బయటికి తోలడానికి ఫ్యాన్లకీ రాగి గొట్టాలకీ చోటు కావాలి. అందుకని సన్నటివాటికి తక్కువ వడ్డిస్తారు, లావుపాటివాటికి ఎక్కువ. 4060కీ ఇదే 35 నుంచి 115 లెక్క. పస్తులున్న 4060ని కడుపునిండా తిన్న 4050 దాటిపోయే సందర్భాలున్నాయి. ధర మాత్రం 4060కే ఎక్కువ, చూశారా, అంటే అదే మంచిదన్నమాట.

పూర్వం సన్నటివాటికి పేరు చివర మాక్స్-క్యూ అని తగిలించేవాళ్లు. అది చదివి కొనేవాడికి లేనిపోని అనుమానం వచ్చేది. 2021లో 30 సిరీస్ లాప్‌టాప్‌లు వచ్చేసరికి ఆ తోక ఊడింది. కంపెనీ మన మనశ్శాంతి కోసం ఇంత చేస్తే మనం చెడగొట్టుకోవడం ధర్మం కాదు. ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో, బాగా అడుగున, చిన్నక్షరాల్లో టీజీపీ అనో మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అనో రాసి ఉంటుంది. అంత కిందికి జరిపితే వేలు నొప్పి. ఉండబట్టలేక షాపులోనే వాట్లెంత అని అడిగారనుకోండి, కుర్రాడు అడాప్టరు తిరగేసి చూసి "రెండొందల ముప్పై అన్నా" అంటాడు. అది చార్జరు సంగతి. నవ్వుతూ తలూపండి. కార్డు మెమొరీ గురించీ అంతే. 3050లో 4 జీబీ ఉన్నదీ ఉంది, 6 జీబీ ఉన్నదీ ఉంది. పేరు ఒకటే కదా, చేతికి ఏదొస్తే అది మీ అదృష్టం.

ఇప్పుడు మోత. పెట్టె మీద 2.3 కిలోలు అని ఉంటుంది. అది లాప్‌టాప్ ఒక్కదాని బరువు. అడాప్టరు తూకం ఎవరూ పెద్దక్షరాల్లో వెయ్యరు, అది విడిగా అరకిలో పైచిలుకు, కొన్నయితే ముప్పావు కిలో. కాబట్టి షాపులో లాప్‌టాప్‌ని ఒంటిచేత్తో ఎత్తి "లైట్‌గానే ఉంది" అనండి. అడాప్టరుని మాత్రం పెట్టెలోంచి తియ్యనివ్వకండి. దాని పరిచయం సోమవారం పొద్దున, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా బస్సులో నిలబడి వెళ్లేటప్పుడు, బ్యాగు పట్టీ భుజంలోకి దిగుతుంటే జరగాలి. టైప్-సి పోర్టులో 65 వాట్లదో 100 వాట్లదో చిన్న చార్జరు పెట్టినా పనిచేసే మోడళ్లున్నాయి. క్లాసులో నోట్సుకి అది చాలు, పెద్దది గదిలోనే వదిలెయ్యొచ్చు. అందుకే ఆ ప్రశ్న కూడా అడగొద్దంటున్నాను. వయసులో ఉన్నారు, మొయ్యండి.

కొన్ని పెద్ద అడాప్టర్లకి లావు పిన్నులొస్తాయి, 16 ఆంపియర్ల సాకెట్‌లో తప్ప దూరవు. హాస్టల్లో ఆ సాకెట్ గీజరు దగ్గరే దొరుకుతుంది. బాత్రూమ్ గుమ్మంలో స్టూలు వేసుకుని ర్యాంక్ మ్యాచ్ ఆడుతుంటే స్నానానికొచ్చేవాళ్లంతా మీ ఆట చూసి పోతారు. ప్రేక్షకులు ఊరికే దొరుకుతారా?

ప్లగ్గు లేకుండా ఆడతానంటారా, ధైర్యంగా ఆడండి. ప్లగ్గు పీకగానే గ్రాఫిక్స్ కార్డు సగానికి నీరుగారుతుంది, అంత కరెంటు బ్యాటరీ ఒక్కసారిగా ఇవ్వలేదు. ఈ ధరల్లో బ్యాటరీ 50 వాట్-అవర్ల చుట్టుపక్కల ఉంటుంది. మొత్తం కలిసి వంద వాట్లు లాగితే అరగంట. పెట్టె మీద రాసిన ఎనిమిది గంటలు నిజమే, తెర వెలుగు తగ్గించి సినిమా చూస్తూ కూర్చుంటే. అసలు తేలిగ్గా ఉండి ఆటలాడేది పుట్టనే లేదా అంటే పుట్టింది. 2020లో వచ్చిన ఏసుస్ జెఫిరస్ జి14 తూగింది 1.6 కిలోలే. ధర చీటీ మాత్రం ఎత్తలేరు.

తెర మీద 144 హెర్ట్జ్ అని ఉంటే ఇంకేమీ చదవకండి. 250 నిట్స్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అన్నవి కూడా చదివేస్తే, కిటికీ పక్కన కూర్చుంటే బొమ్మ కనబడదనీ, ఎరుపు ఇటుక రంగులోకి దిగుతుందనీ ముందే తెలిసిపోయి సరదా పోతుంది. ర్యామ్ 8 జీబీ ఒకే స్టిక్కుగా వేసి పక్క స్లాటు ఖాళీగా వదిలేస్తారు. అందులో ఇంకోటి వేయిస్తే రెండు దారుల్లో పనిచేసి ఆట ఊపందుకుంటుందని చెబుతారు. ఖాళీ స్థలం కనిపిస్తే కట్టేద్దామనే రియల్ ఎస్టేట్ బుద్ధి ఇది. స్టోరేజీ 512 జీబీ పుష్కలం, జీటీఏ ఫైవ్ లాంటివి ఒక్కోటీ వంద జీబీ పైనే మింగినా.

వాడకం దగ్గరికొస్తే, ఇది కింది జాలీలోంచి గాలి పీల్చుకుంటుంది. కాబట్టి పరుపు మీద, చలికాలమైతే బొంత మీద పెట్టి ఆడాలి. మే నెలలో రెంటచింతలలోనో విజయవాడలోనో గదే పొయ్యిలా ఉంటుంది. ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి, మాడిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బల్ల మీద పెట్టి వెనక వైపు కాస్త ఎత్తు లేపితే కొంత నయం. మీరు మాత్రం "నెట్ స్లోగా ఉంది మమ్మీ" అని, ఇంకో రెండొందలు ఎక్కువ ప్లాన్‌కి మార్పించండి.

డబ్బు ఇచ్చేది నాన్నగారు కాబట్టి ఆయనతో మాటతీరు ముఖ్యం. గేమింగ్ అన్న మాట రాకూడదు. "మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టుకి జీపీయూ కంపల్సరీ అంట నాన్నా" అనండి. 'అంట' మరిచిపోవద్దు, రేపు ఎవరైనా నిలదీస్తే అన్నదెవరో వెతుక్కోవాల్సింది వాళ్లే. కీబోర్డు ఏడు రంగుల్లో వెలుగుతుందేంట్రా అంటే కళ్లకి మంచిదని చెప్పండి. నో-కాస్ట్ ఈఎంఐ అంటే అసలు ఖర్చే లేదని ఆయనకి నచ్చజెప్పండి. వడ్డీ మేర ధరలో తగ్గించి, బ్యాంకు మళ్లీ ఆ వడ్డీ వేసి, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటుందన్నది స్టేట్‌మెంట్ వచ్చాక ఆయనే చదువుకుంటారు, పెద్దాయన. షాపువాళ్లు విండోస్ లేని డాస్ మోడల్ చూపించి కొన్ని వేలు తక్కువంటే అదే తీసుకోండి. విండోస్ ఎవరో ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేస్తాడు, దాంతోపాటు ఇంకేమేం వేస్తాడో అతనికీ తెలియదు.

కొన్ని నెలలకి భుజం పీకి, దీన్ని అమ్మేసి సన్నటిది కొందామన్న బుద్ధి పుడుతుంది. ప్రకటన ఇలా రాయండి: "ఐ-సెవెన్ గేమింగ్ లాప్‌టాప్. అమ్మాయి వాడినది. గేమ్స్ అస్సలు ఆడలేదు. వెరీ లైట్ వెయిట్." ఫోటోలో అడాప్టరు పడకుండా చూసుకోండి. ఎవడో ఒకడు ఫోన్ చేసి "టీజీపీ ఎంత బ్రో?" అంటాడు. అలాంటివాడితో బేరం తెగదు, పెట్టెయ్యండి.