నాలుగు రోజుల నలత

మా కుక్క పేరు బంటి. లాబ్రడార్ అని అమ్మినవాడు చెప్పాడు, దాని తోక మాత్రం ఆ మాట ఒప్పుకోదు. ఉద్యోగం లేదు, సద్యోగం లేదు. ఆస్తి అంటారా, ఒక స్టీలు గిన్నె, సగం నమిలిన నా ఎడమకాలి చెప్పు. అయినా మా ఇంట్లో అందరికంటే మందమైన బీమా పాలసీ దాని పేరు మీదే ఉంది. నాది తొమ్మిది పేజీలు. దానిది ముప్ఫై నాలుగు.

"చదువురాని దానికి అన్ని పేజీలు ఎందుకిచ్చారండీ?" అని మా ఆవిడ అప్పుడే అడిగింది. చదువొచ్చిన నేను మాత్రం ఏం చదివి చచ్చాను!

పాలసీ తీసుకోవడం ఎంత తేలికంటే, ఏజెంటు కుర్రాడు ఇంటికి కూడా రాలేదు. ఫోనుకి లింకు పంపాడు. మూడు ఫొటోలు అడిగాడు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ముక్కుకి దగ్గరగా ఒకటి. ముక్కెందుకయ్యా అంటే, మనిషికి వేలిముద్ర ఎలాగో కుక్కకి ముక్కుముద్ర అలాగ సార్, ఏ రెండిటికీ ఒకేలా ఉండదన్నాడు. కోతలు కోస్తున్నాడనుకున్నాను గానీ నిజమే. కెనడాలో కుక్కల జాతులు నమోదు చేసే సంఘం 1938 నుంచీ ముక్కుముద్రని గుర్తింపుగా ఒప్పుకుంటోంది. మన దేశంలో మొదటి ఆధార్ ఇచ్చింది 2010లో. అంటే కుక్కలు మనకంటే డెబ్బై రెండేళ్ళు ముందున్నాయి.

బంటిది ఫొటోకి నిలబడే ముక్కు కాదు. ఫోను దగ్గరికి తెస్తే నాకుతుంది. పదకొండోసారికి వచ్చిన ఫొటోలో దాని ముక్కూ ఉంది, నాలుకా ఉంది, నా బొటనవేలూ ఉంది. "పరవాలేదు సార్, ఎక్కేసింది" అన్నాడు. 4,300 రూపాయలు కట్టాను, అవీ ఎక్కేశాయి. జూన్ 3న పాలసీ మొదలు. మొదటి ముప్ఫై రోజుల్లో జబ్బు చేస్తే డబ్బు రాదు, ఆ తరవాత చేస్తే వస్తుంది. ఈ సంగతి ఏజెంటు నాకు చెప్పాడు. నేనే బంటికి చెప్పలేదు.

జూలైలో వానలు పట్టుకున్నాయి. హైదరాబాదులో కుక్కల్ని పెంచేవాళ్ళకి వానాకాలమంటే పిడుదుల కాలం. గడ్డిలోంచి ఎక్కుతాయి, చెవుల వెనకా వేళ్ళ సందుల్లోనూ దాక్కుంటాయి. అవి కుట్టి అంటించేదే టిక్ ఫీవర్. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కొన్నిటికి ముక్కులోంచి రక్తం కూడా కారుతుంది. గిన్నె చప్పుడు వింటే మూడో అంతస్తు నుంచి పరిగెత్తుకొచ్చే కుక్క ఆ గిన్నె పక్కనే కళ్ళు మూసుకుని పడుకుంటే ఇంట్లో మనుషులకి ముద్ద దిగదు. జూలై 5న ఆటో అతన్ని బతిమాలి, సీటు మీద దుప్పటి పరిచి, ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అన్నారు డాక్టరు గారు.

"ఓ నాలుగు రోజుల్నుంచి నలతగా ఉందండీ" అన్నాను.

నా 18,400 రూపాయలు అక్కడ పోయాయి. రక్తపరీక్షలు, సెలైన్లు, ఇంజక్షన్లు, ఇరవై ఎనిమిది రోజుల డాక్సీసైక్లిన్ బిళ్ళలు, వీటన్నిటి బిల్లు తరవాతెప్పుడో వచ్చింది గానీ డబ్బు పోయింది మాత్రం ఆ ఒక్క మాటలోనే. బంటికి నయమైంది, అది వేరే సంగతి. పాలసీలో ఆ సంగతికి చోటు లేదు.

డాక్టరు గారు నా మాటని ఇంగ్లీషులోకి మార్చి చీటీ మీద "ఫోర్ డేస్" అని రాసుకున్నారు. కంపెనీవాళ్ళు ఆ చీటీ చూసి జూలై 5లోంచి నాలుగు తీసేశారు. ఒకటో తారీఖు వచ్చింది. ముప్ఫై రోజుల గడువు రెండో తారీఖుతో ముగుస్తుంది. కాబట్టి జబ్బు గడువు లోపలే మొదలైంది, కాబట్టి చెల్లదు. లెక్కలో తప్పు లేదు. తెలుగులోనే తప్పుంది.

తెలుగులో నాలుగంటే మూడుకీ ఐదుకీ మధ్య ఉండే అంకె అని ఎవరు చెప్పారు వీళ్ళకి? నాలుగు రాళ్ళు వెనకేసుకోరా అని తండ్రి చెబితే కొడుకు నాలుగు లెక్కపెట్టి ఉద్యోగం మానేస్తాడా? నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే బొటనవేలు పస్తున్నట్టా? నలుగురిలో పరువు పోయిందని ఏడుస్తుంటే, ఐదోవాడు చూడలేదు కదా అని ఎవరైనా ఓదారుస్తారా? చిన్నప్పుడు మా నాన్న నన్ను బడికి ఈడ్చుకెళ్ళి "వీడికి నాలుగు తగిలించండి మాస్టారూ" అని అప్పగించిన రోజున మా మాస్టారు నాలుగుతో ఆపలేదు. ఆయన తెలుగు పండితుడు, బీమా కంపెనీ మనిషి కాదు.

బంటి నిజంగా తిండి మానేసింది జూలై 3 సాయంత్రం. మా ఆవిడకి బాగా గుర్తు. ఆ పూట అన్నంలో చికెన్ ముక్కలు కలిపి పెట్టినా వాసన చూసి తల తిప్పేసింది. ఇదే మాట కంపెనీకి రాశాను. "మీ భార్య గారి జ్ఞాపకం వైద్య పత్రం కిందకి రాదు" అని జవాబు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ జ్ఞాపకాన్ని ఎదిరించి నెగ్గినవాళ్ళని నేను చూడటం ఇదే మొదలు.

ఆ ఉత్తరంలో ఇంకా మూడు కొర్రీలున్నాయి. ఒకటి, పాలసీలో బంటి పేరు చివర ఇంగ్లీషు అక్షరం ఐ ఉంది, ఆస్పత్రి బిల్లులో వై ఉంది. రెండూ ఒకే కుక్క అనడానికి ఆధారమేమిటి? అంతగా అయితే పేరు పెట్టి పిలిచి చూడండి, రెండు రకాలుగా పిలిచినా తోక ఊపుతుందన్నాను. రెండోది, పిడుదులు ఒంటి బయట పాకే పురుగులు, వాటి వైద్యం పాలసీలో లేదు. పిడుదు బయటే ఉందండీ, అది ఎక్కించిన క్రిమి లోపలుంది, వైద్యం లోపలిదానికి చేశారు. ఆ తేడా వాళ్ళకి ఇంకా అందలేదు.

మూడోది ముక్కు. "పాలసీ నాటి ఫొటోలో ముక్కు స్పష్టంగా లేదు." ప్రీమియం తీసుకున్నప్పుడు ముక్కు వాళ్ళకి స్పష్టంగానే కనిపించింది మరి!

మొత్తం ముప్ఫై నాలుగు పేజీలూ అప్పుడు చదివాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చాలా విశేషాలున్నాయి. పార్వో, డిస్టెంపర్, లెప్టో లాంటి జబ్బులకి డబ్బిస్తారు, కాకపోతే టీకాలు వేయించి ఉండాలి. టీకా వేయించిన కుక్కకి ఆ జబ్బు ఎందుకొస్తుంది? టీకా లేని జబ్బు వస్తే ఏమవుతుందో పైన చెప్పాను. కుక్క తప్పిపోతే పోలీసు ఫిర్యాదు నకలు తేవాలి, పేపర్లో ప్రకటన వేయించాలి. స్టేషన్లో రైటరు పేరు రాసుకుని అలవాటు కొద్దీ తండ్రి పేరు అడిగితే నేనేం చెప్పాలో మాత్రం రాయలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది ఇరవై రెండో పేజీ. మన కుక్క పరాయివాణ్ణి కరిస్తే ఆ నష్టం కంపెనీ భరిస్తుందట. జ్వరమొస్తే పైసా రాదు, కరిస్తే వస్తుంది. బంటి ఇంతవరకూ ఎవరినీ కరవలేదు. క్లెయిమ్ విచారణకి వాళ్ళ మనిషిని ఇంటికి పంపుతారేమోనని కొన్నాళ్ళు ఎదురుచూశాను.

ఈ తంతు నాకు కొత్త గానీ మా వైపు ఊళ్ళకి కొత్త కాదు. తెనాలి దగ్గరున్న మా మావయ్యకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంటే ఆయన పడీ పడీ నవ్వాడు.

"అల్లుడూ, మా ముర్రా గేదె సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పాడి గేదెకి బీమా చేస్తే చెవికి బిళ్ళ కొడతారు. గేదె పోతే పశువుల డాక్టరు శవపరీక్ష చేసి కాగితం ఇవ్వాలి, ఆ బిళ్ళ తెచ్చి అప్పగించాలి. మావయ్య గేదె తుమ్మకంపలో దూరి చెవి చింపుకుని బిళ్ళ పోగొట్టుకుంది. కొత్త బిళ్ళ వేయిద్దామనుకుంటూ ఉండగానే పాము కరిచింది. చచ్చింది మా గేదేనని పాలకేంద్రం వాళ్ళూ చెప్పారు, ఊరు ఊరంతా చెప్పింది. బిళ్ళ చెప్పలేదు. అంతే.

"అయినా మాది నయంరా. బిళ్ళ లేకపోతే బీమా లేదని ముందే ఒక్క ముక్కలో చెప్పారు. తప్పు మా గేదెది. మీ వాళ్ళు అదే మాట ముప్ఫై నాలుగు పేజీల్లో దాచిపెట్టారు."

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ఇప్పుడు పశువులకి పన్నెండు అంకెల బిళ్ళ వేస్తున్నారు. జాతీయ పశుసంవర్ధక పథకం కింద 2024 నుంచి ప్రీమియంలో రైతు కట్టేది పదిహేను శాతమే, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. గేదె పాలిస్తుంది, దూడనిస్తుంది, ఇంటిల్లిపాదినీ పోషిస్తుంది, కాబట్టి సర్కారుకి దానితో పని ఉంది. బంటి ఇచ్చేది ఒళ్ళంతా జుట్టు. నేనే నూటికి నూరు శాతం కట్టుకోవాలి, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

పోనీ ఇది మన దేశపు జాడ్యమేమో అనుకుని డాలస్‌లో ఉన్న మా బావమరిదిని కదిపాను. కుక్కల బీమా పుట్టింది స్వీడన్‌లో, 1924లో అక్కడ మొదటి కుక్కకి పాలసీ ఇచ్చారంటారు. అమెరికాకి అది 1982లో గానీ రాలేదు. తొలి పాలసీ టీవీలో లాసీ వేషం వేసే కుక్కకి రాశారు. అగ్గిలోంచి, వరదలోంచి పిల్లల్ని కాపాడే కుక్క కదా, క్లెయిమ్ ఫారం కూడా అదే నింపుకుని ఉంటుంది.

మావాడి కుక్కకి అంత తెలివి లేదు. వాళ్ళ గోల్డెన్ రిట్రీవర్ పాలసీకి ముందెప్పుడో ఎడమ వెనక కాలు రెండు రోజులు కుంటింది. డాక్టరు రాసుకున్నాడు. మూడేళ్ళ తరవాత కుడికాలి మోకాట్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్‌కి ఐదువేల డాలర్ల పైమాటే. కంపెనీ ఇవ్వనంది. ఒక కాలికి వచ్చిన జబ్బు రెండో కాలికీ పాతరోగం కిందే లెక్కట! ఎద్దు పుండు కాకికి నొప్పా అని మనవాళ్ళు అడిగారు. అక్కడ ఎద్దుకీ కాకికీ కలిపి ఒకే పాలసీ. మావాడు పాలసీ తీసి చూపించాడు, ఆ షరతు అచ్చంగా అలాగే ఉంది.

"మరి రెండు చెవులకి, రెండు కళ్ళకి కూడా ఇంతేనా?" అన్నాను.

"వాటిగ్గూడా ఉంటుందేమో బావా, అంతదూరం చదవలేదు" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్‌లో షరతులు రాసే ఉద్యోగమే చేస్తాడు.

ఒక్కటి మాత్రం అక్కడివాళ్ళు చేశారు. రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘం 2022లో పెంపుడు జంతువుల బీమాకి ఒక నమూనా చట్టం రాసింది. పాతరోగమని కంపెనీ అంటే, అది పాతదేనని రుజువు చేసే బాధ్యత కంపెనీదే. కుక్కది కాదు. రాష్ట్రాలు ఒక్కొక్కటీ దాన్ని తెచ్చుకుంటున్నాయి. నా కేసులో నాలుగంటే నాలుగు కాదని రుజువు చేయాల్సింది నేను.

అలాగని మనం దిక్కులేనివాళ్ళం కాదు. దేశంలో ఉన్న బీమా కంపెనీలన్నిటి మీదా పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో లేదు, ముంబైలో లేదు. మన నానక్‌రామ్‌గూడలో ఉంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగితే అక్కడినుంచి ఆటో దూరం. వెళ్ళక్కర్లేదు కూడా. బీమా భరోసా అని వాళ్ళ వెబ్‌సైటుంది, 155255కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. ముందు కంపెనీకి రాయాలి, నెల ఆగాలి, కాదన్న ఉత్తరం వచ్చిన ఏడాది లోపు వెళ్ళాలి. యాభై లక్షల దాకా ఇప్పించే అధికారం ఆయనకుంది. బంటి అడిగేది 18,400.

ఆ కొర్రీల మీద కంపెనీకి మళ్ళీ రాసిన తరవాత రోజూ ఫోన్ చేసేవాణ్ణి. మొదట ఒక పాట, తరవాత "మీ కాల్ రికార్డు చేయబడుతుంది" అనే మాట, ఆ తరవాత ఒక అమ్మాయి. తెలుగమ్మాయే, గోదావరి యాస.

"పై వాళ్ళకి పంపించాం సార్. ఓ నాలుగు రోజులు ఆగండి."

ఆగాను. ఐదో రోజు పొద్దున్నే చేశాను. అదృష్టం కొద్దీ ఆ అమ్మాయే ఎత్తింది. నాలుగు రోజులైపోయాయమ్మా, ఏమైందీ అన్నాను. ఆ పిల్ల చిన్నగా నవ్వింది.

"అయ్యో సార్, నాలుగు రోజులంటే లెక్కపెట్టి నాలుగు అనా? మాటవరసకి అంటాం కదా!"

నెల గడిచింది, జవాబు రాలేదు. నిన్న అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పంపాను. డాక్టరు చీటీ, బిల్లులు, టీకాల పుస్తకం జతచేశాను. బంటి ముక్కు ఫొటో కొత్తది తీసి పెట్టాను, ఈసారి నాలుక లేదు. ఆ పొద్దున మేం మాట్లాడిన కాల్ రికార్డు కంపెనీ దగ్గర్నుంచి తెప్పించి వినమని చివర ఒక్క వాక్యం రాశాను.