కాలేజీ పరువుకు కొన్ని తలకిందుల సలహాలు

ఇవి ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు, హాస్టల్ వార్డెన్లకు. పదకొండేళ్లు ఓ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ చూసుకున్నాను. ఈ మాటలు మీటింగులో చెప్పిన రోజు మా మేనేజ్‌మెంట్ నన్ను బుర్ర పనిచేయనివాడి కింద జమకట్టింది. కాలేజీని ముంచే సలహాలన్నారు. వీటికి సరిగ్గా వ్యతిరేకమైనవన్నీ చేసి చూసినవాణ్ని కాబట్టి మళ్లీ చెబుతున్నాను.

రాత్రి పదకొండింటికి స్క్రీన్‌షాట్ వస్తుంది, ఎవరో ఇన్‌స్టాలో మన హాస్టల్ గురించి పెట్టారని. ఎవడు పెట్టాడో అడక్కండి. చెప్పులేసుకుని లేవండి. నీళ్లు లేవని రాస్తే ట్యాంకు దగ్గరికి, సాంబార్లో పురుగని రాస్తే వంటగదికి వెళ్లండి. పెట్టిందెవరో తర్వాత తెలిసినా మర్చిపోండి.

ఒకసారి నేను ట్యాంకు దగ్గరికి వెళ్లలేదు. సెకండియర్ కుర్రాడొకడు ఖాళీ బకెట్ల వరస ఫొటో తీసి, కింద ‘మూడో రోజు’ అని రెండు మాటలు రాశాడు. వాళ్ల నాన్నకు ఫోన్ చేశాం. మర్నాడు తెల్లవారు బస్సుకే వచ్చి, బల్ల చూపించినా కూర్చోకుండా ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడ్డాడాయన. కుర్రాడి ముందు తెల్లకాగితం పెట్టి, అండర్‌టేకింగ్ నేనే చెప్పి రాయించాను. ‘నేను పెట్టినది అసత్యమని ఒప్పుకుంటున్నాను’ అనే వాక్యం దగ్గర పెన్ను ఆపి, “అయితే నీళ్లొస్తున్నాయని రాయాలా సార్?” అనడిగాడు. అందులో పొగరేమీ లేదు, వాడికి నిజంగానే తెలియలేదు. వాళ్ల నాన్న “రాసెయ్ నాన్నా” అన్నాడు. రాసేశాడు. కింద ఆయన వేలిముద్ర వేశాడు. ఆ సిరా కడుక్కుందామని వరండాలో కుళాయి తిప్పితే బుస్సుమని గాలొచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. వేలు పంచెకు తుడుచుకుని కొడుకు భుజం మీద చెయ్యేసి వెళ్లిపోయాడు.

అందుకే, పిల్లల చేత క్షమాపణ రాయించుకోకండి. మీరే రాయండి. మోటారు కాలిపోయింది, గురువారానికి బాగవుతుంది, అందాకా రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తాం అని రాసి, సంతకం పెట్టి మెస్ తలుపుకు అంటించండి. దాన్ని కూడా ఫొటో తీసి పెడతారు. పెట్టనివ్వండి.

లాయర్ నోటీసు, డిస్మిసల్ ఆర్డరు జోలికి అసలు పోవద్దు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని వాల్డోస్టా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో పార్కింగ్ భవనాలు కట్టబోతుంటే హేడెన్ బార్న్స్ అనే విద్యార్థి వద్దన్నాడు. యూనివర్సిటీ అధ్యక్షుడు జకారి పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో బొమ్మలు అతికించిన కొలాజ్ ఒకటి పెట్టాడు. 2007లో అతన్ని క్యాంపస్‌కు ప్రమాదకారి అని యూనివర్సిటీ నుంచి తీసేశారు. ఆ కాగితాన్ని గది తలుపు కింద నుంచి తోశారు. అతను కోర్టుకెక్కాడు. 2013లో జ్యూరీ 50 వేల డాలర్లు ఇమ్మంది. చివరకు 2015లో 9 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ పోస్టును అలా వదిలేసి ఉంటే అతని స్నేహితులు తప్ప ఇంకెవరు చూసేవారు?

మన దేశంలో ఐఐపీఎం అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఇంకో దారి పట్టింది. 2013లో గ్వాలియర్ కోర్టు ఉత్తర్వు తెచ్చి, తన మీద రాసిన 73 వెబ్ పేజీలను మూయించింది. దాని డిగ్రీలకు గుర్తింపు లేదన్న యూజీసీ సొంత నోటీసు కూడా వాటిలో ఉంది! పేజీలు మూసినందుకు ఆ డిగ్రీలకు గుర్తింపేమీ రాలేదు.

అడ్మిషన్ల ముందు రివ్యూలు రాయించే పని కూడా మానండి. సెక్షన్‌కు అరవై మంది, అందరూ ఒకే ఆదివారం, ఒకే ‘ఎక్సలెంట్ ఫ్యాకల్టీ’, ఐదేసి స్టార్లు. కౌన్సెలింగ్‌కు పిల్లను తీసుకొచ్చే తల్లి అది ఇట్టే పట్టేస్తుంది. రెండు స్టార్ల రివ్యూ కింద మీ జవాబు కనిపిస్తే ఆవిడ ఆగి చదువుతుంది.

ముందు కమిటీకి చెప్పాల్సింది కదా అని పిల్లల్ని గద్దించకండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీకి 15 పనిదినాల గడువుంది. పురుగున్న సాంబారు మాత్రం ఈ రాత్రికే తినాలి. బాసర ట్రిపుల్ ఐటీని గుర్తు తెచ్చుకోండి. 2022 జూన్‌లో వేలమంది పిల్లలు వానలో కూడా కదలకుండా వారం రోజులు కూర్చున్నారు. రెగ్యులర్ వీసీ, సరిపడా అధ్యాపకులు, తినగలిగే భోజనం, వాళ్లడిగింది ఇలాంటివే. గేట్లు మూసినా లోపలి సంగతులు ఫోన్లలోంచి బయటికొచ్చాయి. మంత్రి వచ్చి మాటిచ్చాక లేచారు. నెల తిరక్కుండా మెస్ భోజనం తిని వంద మందికి పైగా అస్వస్థులయ్యారు. మెస్ గురించి పిల్లలు రాసేదాన్ని కాలేజీ పరువు తీసే రాతగా చూసేవాళ్లు ఈ వరసను ఒకసారి తేదీలతో సహా చదవాలి.

తిట్లుంటాయి. నన్నూ తిట్టారు, బాధేసింది. తిట్టు తీసేసి మిగిలింది చదవండి, ఏదో ఒక గది నంబరో, ఒక తేదీయో దొరుకుతుంది. అయితే ఒక అమ్మాయి ఫొటో పెట్టి వేధించినా, ఒకరిని కులం పేరుతో తిట్టినా అది వేరే సంగతి. అక్కడ కాలేజీ పరువు ఊసే ఎత్తకుండా బాధితుల పక్కన నిలబడి, వాళ్లు సరేనంటే అదే రోజు పోలీసులకు చెప్పండి.

చివరిది మీకు మరీ వింతగా ఉంటుంది. బీరువా తెరిచి, పాత అండర్‌టేకింగులు ఎవరివి వాళ్లకు పంపేయండి. ఉద్యోగం మానేసే వారం ముందు ఆ కుర్రాడి కాగితాన్ని ఫైల్లోంచి తీసి, తప్పు మాదేనని ఇంకో కాగితం రాసి జతచేసి, వాళ్ల ఊరికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. పది రోజులకు రసీదు కార్డు తిరిగొచ్చింది. సంతకం చోట వేలిముద్ర ఉంది.