నల్ల తామర పురుగుకి ఇన్‌వార్డ్ నంబరుందా?

మహారాజశ్రీ జిల్లా వ్యవసాయ కార్యాలయ ఉన్నతాధికారి గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి విన్నవించుకునేది. 3వ తేదీన నేను పంపిన మిరప పురుగు హెచ్చరిక 22న క్షేమంగా నా దగ్గరికే తిరిగొచ్చింది. ఒంటి కాగితంగా వెళ్లిన పిల్ల మూడు ముద్రలు, నాలుగు సంతకాలతో నిండుగా వచ్చింది. అడుగున పచ్చ సిరాతో షరా: 'నిర్ణీత నమూనాలో లేదు. మూడు ప్రతులు త్రూ ప్రాపర్ చానెల్ పంపగలరు.'

ఏం చానెలండీ? మా పరిశోధన కేంద్రానికి ఎదురే మీ ఆఫీసు. మధ్యలో టీ కొట్టు. మీ టెక్నికల్ ఏఓ గారికి ఆ రోజే అక్కడ చెప్పాను. "నిజమే సార్, కాగితం రానివ్వండి" అన్నారు. కాగితం వచ్చింది కదా, మరి?

ఆ రోజు మిరప పువ్వుని తెల్లకాగితం మీద దులిపితే పన్నెండు పురుగులు రాలాయి, ఆవగింజలో సగం కూడా లేవు, నల్లగా పాకుతూ. నిన్న అదే చేలో దులుపుదామంటే పువ్వే లేదు. రెండు వారాల్లో పురుగు ఇంకో తరం దింపేస్తుంది. పంతొమ్మిది రోజుల్లో మీ ఫైలు రెండు బల్లలు దాటింది.

రైతు ఆగుతాడా? మందుల కొట్టుకెళ్లాడు. కొట్టతను ఏ నమూనా అడక్కుండా రెండు డబ్బాలు కలిపి చేతిలో పెట్టాడు. పైరిథ్రాయిడ్లు కొట్టొద్దు, మిత్రపురుగులు చచ్చి ఇది ఇంకా రెచ్చిపోతుంది, నీలి రంగు జిగురు అట్టలు కట్టండి అన్నది నా కాగితంలో రెండో పేరా. ముద్ర సరిగ్గా దాని మీదే పడింది.

ఈ పురుగు మన దేశంలోకి వచ్చిందని 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని ఊడ్చేస్తుంటే, ఇదేం పురుగని రైతులు మమ్మల్ని అడిగారు. ఆ ఆరేళ్ల పాపమంతా మీదే అనను. మేమూ తక్కువ తినలేదు, ఇంగ్లిషు జర్నళ్లలో అచ్చేసుకుని ప్రమోషన్ ఫైల్లో పెట్టుకున్నాం.

వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటారేమో. అందులో పెట్టాను. పైన పదహారు గుడ్ మార్నింగ్‌లు, కింద ఎవరిదో బదిలీకి శుభాకాంక్షలు. మండలాలవారీగా సాగు లెక్కలు అడిగితే పక్కకి తిరిగిన స్కాన్ కాపీ వచ్చింది, మెడ వంచి చదువుకున్నాను. అది వదిలేయండి.

అయ్యా, పక్క ఊరి చేలల్లో ఇంకా పూత ఉంది. మీ నమూనాలోనే రాశాను, మూడు ప్రతులూ పెట్టాను. ముద్ర తర్వాత వేసుకోవచ్చు, ముందు ఏఓ గారికి ఒక్క ఫోను చెయ్యండి. పదకొండింటికి టీ కొట్టు దగ్గరే ఉంటారు.

ఇట్లు
తమ విధేయుడు,
ఎదురింటి పురుగుల శాస్త్రవేత్త

జతపరచినవి: హెచ్చరిక, మూడు ప్రతులు. రాలిన మిరప పూత, ఒక కవరు.