మూడు గంటల బాబాయి

మా బాబాయి స్టేషన్‌కి వెళ్లేది రైలెక్కడానికి కాదు, అది ఎంత ఆలస్యమైందో తేల్చడానికి. ఎక్కాల్సి వస్తే అది రైలు తప్పే.

ప్లాట్‌ఫాం మీద అందరూ పట్టాల వైపు మెడలు సాచి చూస్తుంటే, ఆయనొక్కడు ఫోన్లో రన్నింగ్ స్టేటస్ చూసుకుంటూ ముసిముసిగా నవ్వుతుంటాడు. మనం ఎక్కే స్టేషన్‌కి రైలు 3 గంటలకు మించి ఆలస్యంగా వస్తే, ప్రయాణం మానుకున్నవాళ్లకి టికెట్ డబ్బు మొత్తం వెనక్కివ్వాలి. పిన్ని పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఈ రూలు నిద్రలో లేపినా చెబుతాడు. "2 గంటల 40! ఇంకో అరగంట ఓపిక పట్టు తల్లీ" అని రాని రైలును బతిమాలతాడు.

పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని పిన్ని, "అక్కడ మా అన్నయ్య కూతురి పెళ్లండీ!" అంటుంది.

"వీడియో తీస్తారుగా!"

ఆ రోజు రైలు ఆయన మాట విన్నది. 3 గంటలు దాటగానే, డబ్బు వెనక్కివ్వమని ఆన్‌లైన్‌లో పెట్టే అర్జీ, అదే టీడీఆర్, పెట్టేశాడు. రెండు స్లీపర్ టికెట్ల డబ్బులూ కొన్నాళ్లకి ఖాతాలో పడ్డాయి. పెళ్లికి మాత్రం కారు మాట్లాడుకుని వెళ్లారు. కారుకెంతైందని అడిగితే, "అది వేరే పద్దురా" అన్నాడు. తిరిగిరాని కన్వీనియెన్స్ ఫీజు కోసం మాత్రం ఇప్పటికీ కుమిలిపోతాడు.

ఏసీ బోగీలో మంకీ క్యాప్ పెట్టుకుని, రెండో దుప్పటి కోసం అటెండెంటు ప్రాణం తీసే మనిషి. ఓసారి మండు వేసవిలో, అర్ధరాత్రి ఏసీ ఆగిపోయింది. బోగీ అంతా ఉడికిపోతుంటే ఆయన క్యాప్ తీసి జేబులో పెట్టుకుని, టీటీఈ కోసం నాలుగు బోగీలు నడిచి, ఏసీ పనిచెయ్యలేదని సర్టిఫికెట్ రాయించుకొచ్చాడు. రైలు గమ్యం చేరిన 20 గంటల్లోపు టీడీఆర్ పెట్టి, ఏసీ లేని దూరానికి థర్డ్ ఏసీకీ స్లీపర్‌కీ ఉన్న తేడా రాబట్టాడు. ఆ బోగీలోనే ఉన్న నేను తిట్టుకుని ఊరుకున్నాను. కాబట్టి ఆయన్ని మరీ వెక్కిరించలేను. "ఏమాటకామాటే, ఆ రాత్రే హాయిగా నిద్రపట్టిందిరా" అన్నాడు తర్వాత.

మొన్న సంక్రాంతికి నా రైలు ఆలస్యమైంది. 2 గంటల 50 దగ్గర, సిగ్నల్ ఎర్రగానే ఉండాలని దండం పెట్టుకుంటున్న చేతులు నావేనని గమనించాను. 3 దాటింది. యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చి, భోంచేసి, కునుకు తీసి, తీరిగ్గా ఫోన్ అందుకున్నాను. ఈ-టికెట్‌కి రైలు మన స్టేషన్ వదిలేలోపే టీడీఆర్ పెట్టాలి. అది ఎప్పుడో వదిలేసింది.

బాబాయికి చెబితే చాలాసేపు పలకలేదు. చివరికి "ఎంత పోయింది?" అన్నాడు, చావు కబురు అడిగినట్టు.

420 అని చెప్పాను. నిజానికి 1,140. దయచేసి ఆయనకి చెప్పకండి.